పడవ లాగినవాడి వాటా

"చివర ఏమైందో ఎవరికి చెప్పాలండీ?"

కౌంటరు అవతల నిలబడి ఒక అమ్మాయి అడిగింది. చంకలో హెల్మెట్, మెడలో ఆఫీసు ట్యాగు. మధురవాడ నుంచి బండి మీద వచ్చానంది. నా ముందు ఒక పాత నవల పెట్టింది. అట్ట ఊడిపోకుండా దానికి క్యాలెండరు కాగితం తొడిగి ఉంది. తెరిస్తే లోపల మా గ్రంథాలయం ముద్ర, సగం వెలిసిపోయి.

"మా నాన్న ఒకప్పుడు స్టీలు ప్లాంటులో పనిచేసేవారండీ. తర్వాత ఊళ్ళు మారాం. ఇప్పుడు మళ్ళీ ఇక్కడే ఫ్లాటు తీసుకున్నాం. సామాన్లు సర్దుతుంటే ఇది బయటపడింది. ఇచ్చేసి రా అన్నారు. ఉత్త పుస్తకం ఇస్తే కుదరదట, చివర ఏమైందో కూడా చెప్పాలట. ఇక్కడ బావ అని ఒకాయన ఉంటారట కదా. మీరేనా?"

నేను కాదు. నేను ఆయన కార్డు ఆపేసినవాణ్ణి. ఆ మాట మొదటిసారి చూసిన పిల్లతో ఎలా చెప్తాను?

"ఆయన పోయారమ్మా, పోయినేడాది" అన్నాను.

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. పుస్తకం ఇవ్వాలో వెనక్కి తీసుకోవాలో తెలియనట్టు దాని మీద చెయ్యి అలాగే ఉంచింది. కాసేపు కూర్చోమని కిటికీ పక్క బెంచీ చూపించాను. కూర్చున్నాక గుర్తొచ్చింది, అది బావ బెంచీ.

ఆయన అసలు పేరు నాకు తెలుసు, కార్డు మీద ఉండేది. ఆ పేరుతో ఎవరూ పిలవగా మాత్రం వినలేదు. ఆయన అందరినీ బావా అనేవాడు, అందరూ ఆయన్ని బావా అనేవారు. రిటైరైన హెడ్మాస్టరుగారు ఒకరు మొదట్లో ఆ పిలుపుకు ఇబ్బంది పడి, తర్వాత తనూ అలాగే పిలవడం మొదలుపెట్టారు.

ఆయన పుట్టి పెరిగింది జాలరిపేటలో, మా శాఖా గ్రంథాలయానికి నాలుగు సందుల అవతల. తండ్రి, అన్నదమ్ములు, మేనమామలు అందరూ సముద్రం మీద వేటకు వెళ్ళేవాళ్ళే. ఈయనొక్కడికి స్టీలు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు ఉద్యోగం వచ్చింది. "మా ఇంట్లో నీటి మీద పని సెయ్యనోణ్ణి నానొక్కణ్ణే బావా. గంగమ్మ తల్లికి కోపమొచ్చి నన్ను గాల్లోకెక్కించీసింది" అనేవాడు.

షిఫ్టు బస్సు మా వైపు నుంచి ప్లాంటు గేటు చేరేసరికి గంట దాటుతుంది. ఆ గంటే ఆయన చదువు. తిరుగు ప్రయాణంలో నిద్రపోయేవాడు. గొప్ప పాఠకుడివి నువ్వు అని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. "కిటికీ సీటు దొరికితే హార్బరు సూత్తాను. దొరక్కపోతేనే పుస్తకం" అనేవాడు. అది వినయం కాదు, నిజమే. కిటికీ దొరికిన వారంలో మా దగ్గరికి వచ్చేవాడే కాదు.

ఆయన పుస్తకం ఎంచుకునే తీరు చూసి తీరాలి. అట్ట చూడడు, పేరు చూడడు. బీరువాలోంచి తీసి అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తాడు. తర్వాత నడిమికి తెరిచి, చేప మొప్ప ఎత్తి చూసినట్టు పేజీ కొసను బొటనవేలితో ఎత్తి, రెండు వాక్యాలు చదువుతాడు. "ఎర్రగా ఉంది" అన్నాడంటే తీసుకుంటున్నాడని. "పొట్ట మెత్తబడిపోనాది" అన్నాడంటే అది మళ్ళీ బీరువాలోకే. మొదటి పేజీ ఎందుకు చదవవని ఒకసారి అడిగాను. "తల కాడ ఏ సేపైనా మిలమిలమంటాది బావా" అన్నాడు.

పుస్తకాలకు ఆయన పెట్టుకున్న జాతులు మూడే. తెల్లారకుండా లేచి బస్సెక్కాలి గనక పొద్దుటి 'ఏ' షిఫ్టులో నవ్వించేవి. మధ్యాహ్నం అన్నం తిన్న మత్తు మీద బీ షిఫ్టులో సంసారాలు, గొడవలు. రాత్రి సీ షిఫ్టుకు మాత్రం దొంగలు, హత్యలు, దెయ్యాలు. ఆ పూట కునుకు పడితే క్రేన్ మీద ప్రమాదం కదా. షిఫ్టు బస్సు మొహం ఎరగని ఆడవాళ్ళు కూడా మా కౌంటరు దగ్గరికి వచ్చి, "బీ షిఫ్టుది ఏదైనా ఉందాండీ?" అని అడిగేవారు. నేను బావ ఎప్పుడొస్తాడో చెప్పి పంపేవాణ్ణి.

ఆయన సిఫార్సులు కొన్ని ఇప్పటికీ మా వీధిలో చెప్పుకుంటారు. ఆధ్యాత్మికం తప్ప ముట్టని హెడ్మాస్టరుగారి చేతిలో ఒక డిటెక్టివు నవల పెట్టి, "ఇది సదివితే దేవుడున్నాడో లేడో తెల్దు గాని బావా, దొంగ మటుకు దొరుకుతాడు" అన్నాడు. మాస్టారు ఆ బీరువా మొత్తం ఖాళీ చేశారు. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే ఒక అమ్మాయికి హాస్యకథల పుస్తకం ఇచ్చి, "పరీక్షకి పనికిరాదమ్మా. పోయిన రోజుకి పనికొత్తాది" అన్నాడు. పరీక్ష పోయింది, పుస్తకం పనికొచ్చింది. తర్వాతి పరీక్షకూ ముందే వచ్చి అదే తీసుకుపోయింది. అత్తగారితో పడని ఒక కోడలికి మాత్రం లావాటి నవల ఒకటి చూపించి, "ఇది నువ్వు సదవక్కర్నేదు. మీ అత్త కంటపడేలాగ టీవీ పక్కన ఎట్టు. సదువుతా ఉన్నన్నాళ్ళూ నీ జోలికి రాదు" అన్నాడు. ఆ అత్తగారు ఇప్పుడు మా దగ్గర సభ్యురాలు.

ఇన్ని పుస్తకాలు అందరికీ చెప్పిన మనిషి ఒక్కటంటే ఒక్క పుస్తకం చివరిదాకా చదవలేదు.

దానికి కారణం ఆ బస్సే. ఈయన చదువుతుంటే పక్క సీటువాడు, "ఏటి బావా అది?" అంటాడు. ఈయన మొదలుపెడతాడు. చేతులు తిప్పుతూ, గొంతులు మారుస్తూ, తను చదివినంత మేరా చెప్తాడు. ముందు సీట్లవాళ్ళు కూడా వెనక్కి తిరుగుతారు. కథ సరిగ్గా ఊపందుకున్న చోట ఆపేస్తాడు. "తర్వాతేటయ్యింది?" అని పక్కవాడు అడగడం ఆలస్యం, ఒళ్ళో పుస్తకం తీసి వాడి ఒళ్ళో పెట్టేస్తాడు. "నాకూ తెల్దు. నువ్వు సదివి సెప్పు."

"పూర్తి చేసి ఇవ్వొచ్చు కదా" అన్నాను ఒకసారి.

"ఆకలేసినోడికి అప్పుడే పెట్టాల బావా. రేపిత్తాననంటే ఆకలి సచ్చిపోతాది."

"మరి నీకు చివర?"

"ఎక్కడికి పోతాది? కూరకి తెచ్చిత్తారు."

ఆ మాట అర్థం కావాలంటే జాలరిపేట ఒడ్డున ఒక పొద్దున నిలబడాలి. వేట నుంచి పడవ వస్తుంది. ఇసక మీదికి లాగాలి. అప్పుడు ఒడ్డున ఎవరుంటే వాళ్ళు తాడు పట్టుకుంటారు. సొంతవాడా, పరాయివాడా, నడకకు వచ్చిన ఆఫీసరా అని చూడరు. పడవ పైకి వచ్చాక, చేపలు వేలానికి పోకముందే, తాడు పట్టుకున్న ప్రతివాడికీ కూరకని గుప్పెడు చేపలు పెడతారు. ఇది అడిగి తీసుకునేది కాదు, అడిగించుకునేదీ కాదు. బావ పుస్తకాల విషయంలోనూ ఆ పద్ధతే పెట్టాడు. "సగం దాకా నాను లాగీసేను. మిగతాది నువ్వు లాగు. నాకు కూరకి తెచ్చియ్." కూర అంటే ముగింపు.

తెచ్చేవాళ్ళు. మా గ్రంథాలయంలో సాయంత్రాలు ఆ బెంచీ చుట్టూ జనం. బస్సులో తోటివాడు గాజువాక నుంచి పనిగట్టుకుని వచ్చి, పుస్తకం నాకు, ముగింపు బావకు అప్పజెప్పేవాడు. బావ కళ్ళు మూసుకుని, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని వినేవాడు. చెప్పేవాడు సాగదీస్తే, "ముల్లు తీసి పెట్టు బావా" అనేవాడు. ముగింపు నచ్చకపోతే ముక్కు మూసుకునేవాడు. నచ్చితే కళ్ళు తెరవకుండా పెదాలు కదిపేవాడు. ఆ రాత్రి ఇంట్లో భార్యకు చెప్పాలి కదా, అందుకు నెమరేసుకునేవాడు. ఎందుకంటే ఇంట్లో ఆవిడకూ ముందు సగమే చెప్పి ఉండేవాడు. "సగం కథ సెప్పి గుర్రెడతావా సచ్చినోడా అని మా ఇంటిది తిట్టని రోజు నేదు బావా" అని గర్వంగా చెప్పుకునేవాడు.

ఇక నా సంగతి. పుస్తకాల మధ్య ఉద్యోగం చేస్తూ పుస్తకాల వెన్నులు మాత్రమే చదివినవాణ్ణి నేను. ఏ పేరు ఏ బీరువాలో ఉందో చెప్పగలను, లోపల ఏముందో చెప్పలేను. ఏది బాగుంటుందని అడిగితే "అన్నీ బాగుంటాయి" అనేవాణ్ణి. అది మర్యాద అనుకునేవాణ్ణి. బద్ధకం.

ఒకసారి పై అధికారి తనిఖీకి వచ్చారు. అరలన్నీ చూసి, "ఈ మధ్య మీ పాఠకులకు నచ్చిన పుస్తకం ఏదయ్యా?" అన్నారు.

"అన్నీ నచ్చుతాయి సార్."

"అది కాదు, ఏదైనా ఒకటి చెప్పు."

నేను నీళ్ళు నములుతుంటే బెంచీ మీంచి గొంతు వచ్చింది. "సార్, తమరికి బీపీ ఉందేటి?"

ఆయన తెల్లబోయి, "ఉంది" అన్నారు.

"అయితే ఆ పై అరలోవి ఒగ్గీండి. కింద ఆకుపచ్చట్టది ఉంది సూడండి. ఒక ముసలాయన పింఛను కోసం తిరుగుతా ఉంటాడు. ఆఫీసర్లని తిడతాడు సార్. గాని పద్ధతిగా తిడతాడు. నవ్వొత్తాది."

అధికారి పెద్దగా నవ్వి, ఆ పుస్తకం పట్టుకుని, వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టారు. "మీ అసిస్టెంటు బాగున్నాడయ్యా."

ఆయన మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం ముల్లులా దిగింది. ఆ తర్వాత పుస్తకాల లెక్క చూసే సమయం వచ్చింది. బావ కార్డు మీద ఒక నవల తిరిగి రాలేదని తేలింది. నిజం చెప్పాలంటే, తేలినప్పుడు నాకు బాధ కలగలేదు. ఇన్నాళ్ళకు దొరికాడనిపించింది.

"బావా, నీ కార్డు మీదున్న నవల ఏదీ?"

"గోడ పుస్తకమా? బస్సులో ఒకాయనకిచ్చీసేను. అతగాడు ఉజ్జోగం మానీసి ఏ ఊరో ఎల్లిపోనాడు. వచ్చీత్తాదిలే."

"ఎప్పుడు?"

"సదవడం అయిపోయినాక."

"రాకపోతే?"

"రాకపోడమేటి బావా! సివరేటయ్యిందో తెలిసినోడు కడుపులో దాసుకుని ఉండగలడేటి?"

రూలు ప్రకారం అదే పుస్తకం కొని ఇవ్వాలి. అది ఎక్కడా అచ్చులో లేదు. బదులుగా వేరే నవలలు తెస్తానన్నాడు. కుదరదన్నాను. ఆ పుస్తకం వచ్చేదాకా కార్డు ఆపుతున్నానని చెప్పి, కార్డు నా సొరుగులో పెట్టుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు విన్నారు. వినాలనే చెప్పాను.

బావ ఒక్క క్షణం నా సొరుగు వైపు చూశాడు. తర్వాత నవ్వేశాడు. "సరే బావా, రూలు రూలే. వేసంగిలో సముద్రానికీ వేట బందీ ఎడతారు కదా. సేపలు గుడ్లెట్టుకుంటాయని. నాకూ వేట బందీ అనుకుంటాను."

సముద్రం మీద వేట నిషేధం వేసవి దాటాక ఎత్తేస్తారు. నేను పెట్టింది ఎత్తలేదు. పుస్తకం పోయినట్టు రాసేసి కార్డు ఇచ్చేసే దారి ఒకటి రూల్లోనే ఉంది. అది నాకు తెలుసు.

అయినా ఆయన రావడం మానలేదు. బెంచీ మీద కూర్చుని, నడిమి పేజీ ఎత్తి చూసి, "ఎర్రగా ఉంది, తీసుకో" అని పక్కవాళ్ళ కార్డుల మీద పుస్తకాలు ఇప్పించేవాడు. ముగింపులు వచ్చేవి. నన్ను మాత్రం వచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "గోడ పుస్తకం వచ్చిందేటి?"

ఆ నవలలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. పంపకాల్లో ఇల్లు రెండు ముక్కలై, నడుమ గోడ లేచింది. ఏళ్ళ తరబడి మాటల్లేవు. ఒకరోజు చెల్లెలు తన వైపు నుంచి గోడ మీద పిడికిలితో కొట్టింది. సరిగ్గా అక్కడ పక్క సీటాయన "తర్వాతో?" అన్నాడు, బావ పుస్తకం ఇచ్చేశాడు. "అక్క పలికిందో లేదో తెలాల బావా. అదొక్కటీ నాకు గొంతుకలో ముల్లు." పెద్ద గ్రంథాలయానికి ఫోను చేసి ఇంకో ప్రతి ఉందేమో కనుక్కుంటానని చెప్పాను. ఆ ఫోను చెయ్యలేదు. రేపు చేద్దామనుకున్నాను, అంతే.

ఆయన రిటైరయ్యాక జబ్బు చేసింది. చూడ్డానికి జాలరిపేట వెళ్ళాను. గుమ్మంలో ఆయన భార్య చేపల గంప సర్దుకుంటోంది. ఆయన అందరికీ బావ అయితే ఆవిడ అందరికీ అక్క. "అక్కా, బాగున్నారా?" అన్నాను. ఆవిడ మొహం గంపలోకి తిప్పుకుంది. కార్డు ఆపిన రోజు నుంచి ఆవిడ నాతో మాట్లాడదు. బజార్లో ఎదురుపడినా అంతే.

లోపల బావ చిక్కిపోయి పడుకుని ఉన్నాడు. చెయ్యి పట్టుకోగానే అదే మాట. "గోడ పుస్తకం దొరికిందేటి బావా?"

లేదనడానికి నోరు రాలేదు. "దొరికింది. వేరేచోట దొరికింది. చదివాను కూడా."

బావ లేచి కూర్చున్నాడు. అంతవరకూ మంచినీళ్ళు కూడా ఇంకొకరు తాగిస్తున్నారు. ఆ మనిషి తనంతట తను లేచి, దిండు గోడకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని, మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"సెప్పు. అక్క పలికిందా?"

"పలికింది బావా. ఇద్దరూ ఏడ్చుకున్నారు. గోడ కూలగొట్టించేశారు. అందరూ కలిసి భోజనం చేశారు."

ఆయన విన్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. "బావా, ఇది ఆ పడవలో సేప కాదు."

నేను తల దించుకున్నాను.

"బజార్లో కొన్నావు" అని నవ్వాడు. దగ్గొచ్చేంత నవ్వాడు. "ఆ అక్క సంగతి నాకు తెల్దేటి? అది అలగ ఏడిసే మనిషి కాదు. సరే, పర్లేదులే. కూరకని తెచ్చేవు కదా, ఒండుకుందాం."

మర్నాడు పొద్దున్నే పెద్ద గ్రంథాలయానికి ఫోను చేశాను. ఇన్నాళ్ళూ చెయ్యని ఫోను నిమిషంలో అయిపోయింది. వెతికి చెప్తామన్నారు. వాళ్ళు వెతికేలోగా బావ పోయాడు.

*

బెంచీ మీది అమ్మాయి ట్యాగు తాడు వేలికి చుట్టుకుంటూ నావైపే చూస్తోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మీ నాన్నగారు ఇన్నేళ్ళూ ఎందుకు ఇవ్వలేదమ్మా?"

"చదవలేదండీ!" అని ఫక్కున నవ్వింది. "అసలు సంగతి అదే. చదవకుండా తెస్తే చివర ఏం చెప్పాలి, బావకి మొహం ఎలా చూపించాలి అని రేపు, రేపు అనుకుంటూ ఉండిపోయారట. ఊరు మారినప్పుడు కూడా చదివాక పంపుదామని పట్టుకెళ్ళారు. ఇప్పుడు నేను చదివాను. నాన్న నన్నడిగి తెలుసుకుని, వెళ్ళి చెప్పిరా అన్నారు."

ఉత్త పుస్తకం విసిరేసి పోయినా అడిగేవాళ్ళు లేరు. కూర లేకుండా ఎలా వెళ్తామని ఒక మనిషి ఇన్నేళ్ళు సిగ్గుపడ్డాడు. నాలాగే రేపు రేపు అన్నవాడే, కానీ ఆయనకు సిగ్గు ముందు వచ్చింది, నాకు తర్వాత వచ్చింది.

"నాకు చెప్పు" అన్నాను. "నేను చేరవేస్తాను. అక్క పలికిందా?"

"చాలా పేజీలు పలకదండీ. చెల్లెలు రోజూ గోడ కొడుతుంది. పండగొచ్చినా, జ్వరమొచ్చినా కొడుతుంది. అటువైపు చప్పుడుండదు. ఆఖరి పేజీలో గోడవతల నుంచి ఒక్క కేక వినిపిస్తుంది. 'ఎవర్తివే అది? గోడ కొట్టకు, సున్నం రాలి నా పప్పులో పడతోంది!' అని."

"తర్వాత?"

"అంతేనండీ. అయిపోయింది."

'నిశ్శబ్దము పాటించుడు' అన్న బోర్డు కింద కూర్చుని నేను గట్టిగా నవ్వాను. పేపరు చదువుకుంటున్న హెడ్మాస్టరుగారు కళ్ళద్దాల మీంచి చూశారు.

అమ్మాయి లేచి హెల్మెట్ తీసుకుని, "ఇంకేదైనా మంచిది ఉంటే చెప్పండి" అంది. అన్నీ మంచివే అన్న మాట నాలుక కొసదాకా వచ్చి ఆగింది. బావ పోయాక నేను చదవడం మొదలుపెట్టాను. ఇంటికెళ్ళే సిటీ బస్సులో, కొంచెం కొంచెం. అప్పుడు నా సంచీలో ఒక నవల సగంలో ఉంది. అందులో ఒక లాంచీ డ్రైవరు, పెళ్ళివారిని ఎక్కించుకుని, తప్పు ఊరి రేవులో దింపేశాడు. వాళ్ళకింకా తెలీదు. అక్కడిదాకా చెప్పాను. అమ్మాయి, "అయ్యో, తర్వాత?" అంది.

సంచీలోంచి పుస్తకం తీశాను. ఇవ్వబోతే చెయ్యి రాలేదు. ఆ పెళ్ళివారి గతి ఏమైందో ఆ సాయంత్రమే తెలుసుకోవాలని పొద్దుట్నుంచీ కూర్చున్నాను. సగం చదివి వదిలేసే మనిషి అని ఇన్నాళ్ళూ బావను లోపల చులకన చేశాను. ఆయన వదిలెయ్యలేదు. వారం వారం ఇంత ఆకలి మీద లేచి, విస్తరి పక్కవాడి ముందుకు జరిపాడు. అదీ నవ్వుతూ.

"సగం దాకా లాగాను. మిగతాది నువ్వు లాగి, నాకు కూరకి తెచ్చివ్వాలి" అని అమ్మాయి చేతిలో పెట్టేశాను.

సాయంత్రం సొరుగులోంచి బావ కార్డు తీసి జేబులో వేసుకుని జాలరిపేట వెళ్ళాను. అక్క సందు మొగలో గంప ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి ఎప్పటిలాగే మొహం తిప్పుకుంది. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని కార్డు గంప అంచు మీద పెట్టాను.

"పుస్తకం దొరికిందక్కా. వేట బందీ ఎత్తేశాను."

ఆవిడ కార్డు వంక చూసింది. నా వంక చూసింది. అప్పుడు మొదలైంది.

"ఇప్పుడా ఎత్తేది? పడవే నేదు, ఇప్పుడొచ్చి బందీ ఎత్తేసేవా? పెద్ద రూలయ్య! మనిషి మంచాన పడినా గోడ పుస్తకం, గోడ పుస్తకం అని నన్ను సంపుకు తిన్నాడు. ఆ అక్క పలికిందో నేదో తెలక నాను మటుకు నిద్దరోయేనేటి? నీకేటి, సొరుగుకి తాళమేసుకుని ఇంటికి పోయి పడుకున్నావు!"

పక్క గంపల వాళ్ళంతా మావైపు తిరిగారు. వాళ్ళ ముందు అన్నీ పడ్డాను. అన్నీ నిజాలే. ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు చెప్పాను.

"పలికిందక్కా. గోడ కొట్టకు, సున్నం రాలి నా పప్పులో పడతోంది అని కేకేసింది."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. కొంగు తీసేసరికి నవ్వుతోంది, కళ్ళలో నీళ్ళతో.

"సెప్పేడమ్మా ఆ మనిషి! తిడతాదే, తిట్టకపోతే అది అక్కెలగవుతాది అని నాతో సెప్పేడు. సచ్చినోడు, సదవకుండానే సెప్పేడు!"

గంపలోంచి కానాగంత చేపలు తీసి పాలిథిన్ కవరులో వెయ్యడం మొదలుపెట్టింది.

"నాకెందుకక్కా? నేనేం లాగానని?"

"ఆకర్ని వచ్చినా తాడట్టుకున్నావు కదా. నోరు మూసుకుని అట్టుకెల్లు."

కవరు ముడి వేస్తూ, "ఆ పిల్ల మళ్ళీ వత్తాదేటి? దానికేటి పుస్తకం ఇచ్చేవు?" అని అడిగింది. లాంచీ సంగతి చెప్పాను. పెళ్ళివారు, బాజాలు, చీకటి పడే వేళ, తప్పు ఊరి రేవు. ఆవిడ కత్తిపీట పక్కకు నెట్టి వింది. పక్క గంపల వాళ్ళు కూడా దగ్గరికి జరిగారు.

"అమ్మో! ఆ పెళ్ళికూతురికి తెలిసిందా మరి? తర్వాతేటయ్యింది?"

"తెలీదక్కా. పుస్తకం ఆ అమ్మాయికిచ్చేశాను. ఆమె చదివి వచ్చి చెప్పాలి."

అక్క నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఓరి సచ్చినోడా! నువ్వూ మొదలెట్టేవా?" అని, వేసిన ముడి విప్పి, కవరులో ఇంకో చేప పడేసింది.